అధ్యక్షుడు గడియ బిగించరాదు

ఆ ఉదయం వడ్రంగి పెట్టుకున్న పని చాలా చిన్నది. కూతుర్ని బడిలో దిగబెట్టాలి, అక్కడి ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ బిగించాలి, తొమ్మిదిన్నరకల్లా కొట్టు తెరవాలి. గడియ, స్క్రూలు జేబులోనే ఉన్నాయి. నాలుగో తరగతి చదివే ఆ పిల్ల పది రోజులుగా బడిలో గుక్కెడు నీళ్ళు తాగడం లేదు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. గంట కొట్టగానే ఆ పట్టుకున్నది కాస్తా పరుగు తీస్తుంది. సాయంత్రం పిల్ల కడుపు పట్టుకుని ఇల్లు చేరుతుంటే తండ్రి ప్రాణం ఉసూరుమంటోంది.

గేటు దాటగానే పెద్ద టీచరమ్మ ఎదురొచ్చింది. తల్లిదండ్రుల కమిటీ ఎన్నికకు ఒక్క మనిషి తక్కువయ్యాడట.

“ఐదు నిమిషాలు కూర్చోండి చాలు. మాట్లాడక్కర్లేదు.”

వడ్రంగి పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. మాట్లాడకుండా మాత్రం ఉండలేకపోయాడు. గడియ సంగతి చెప్పాడు. నలుగురు తలూపారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “ఇది ఒక్క గడియ సమస్య కాదండీ, వ్యవస్థ సమస్య!” అన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నాడో ఆయనకే గుర్తులేదు గానీ, సొంత గొంతులో వింటే మహా ముచ్చటేసింది. చప్పట్లు మోగాయి. ఒక విద్యార్థి తాతగారు, గుమాస్తాగా రిటైరైన పెద్దమనిషి, వెంటనే ఆయన్ని అధ్యక్షుడిగా ప్రతిపాదించారు. వడ్రంగి వద్దనలేదు. వద్దనడానికి నోరు తెరిచాడు గానీ నవ్వొచ్చేసింది.

సభ ముగిశాక స్క్రూడ్రైవరు తీసుకుని మరుగుదొడ్డి వైపు నడిచాడు. తాతగారు అడ్డుపడ్డారు.

“మీరు చెయ్యేస్తే ఎలాగండీ? కమిటీ సభ్యులు బడి పనులు చెయ్యకూడదు. రూలు.”

“రెండు స్క్రూలండీ!”

“ఒక్కటైనా అంతే. అర్జీ పెట్టండి.”

పెట్టాడు. ‘తలుపుకు గడియ లేదు’ అని రాస్తే అధ్యక్షుడి అర్జీలా లేదనిపించి, ‘తలుపు మిక్కిలి ప్రమాదకర స్థితిలో ఉన్నది’ అని మార్చాడు. మూడో రోజున బడి భవనాలు చూసే ఇంజనీరు వచ్చి, ఆ మాట చదివి, తలుపును ముట్టుకోకుండానే తాళం వేయించి వెళ్ళిపోయాడు.

“నాన్నా, గడియ పెట్టారు,” అంది కూతురు ఆ సాయంత్రం. “బయటి నుంచి.”

పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి వడ్రంగికి తన నాలుక కోసుకోవాలనిపించింది. మర్నాడే ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాడు.

“తలుపు భేషుగ్గా ఉంది సార్. నేనే కాస్త ఘనంగా రాశాను.”

“అలా కుదరదు. వడ్రంగి ఎవరైనా చూసి, బాగుందని రాసివ్వాలి. ఎవరున్నారు?”

“నేనేనండీ.”

“మీరు అధ్యక్షులు కదా!”

రాజీనామా చేద్దామనుకుంటే, దానికి పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నారు తాతగారు. ఇంటికొచ్చి వడ్రంగి గోడకు చేరగిలబడ్డాడు. ఎనిమిదేళ్ళుగా కొట్టులో ఆయనతో సమానంగా రంపం పడుతున్న భార్య అంతా విని లేచింది.

“నేను కమిటీలో లేనుగా?”

“లేవు.”

“ఇంట్లో ఒకరికైనా బుద్ధుంది. ఆ గడియ ఇటివ్వు.”

ఆమె ఇంజనీరుకు కాగితం రాసిచ్చి, తాళం తీయించి, గడియ బిగించి వచ్చేసరికి పొయ్యి మీద పెట్టి వెళ్ళిన పప్పింకా ఉడకలేదు. ఆ మర్నాడు పిల్ల బడి నుంచి గెంతుకుంటూ వచ్చింది.

తర్వాతి సమావేశంలో గడియ సాధించిన అధ్యక్షుడికి అభినందన తీర్మానం పెట్టారు. వడ్రంగికి సిగ్గు ముంచుకొచ్చింది. లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. “గడియ పెట్టింది మా ఆవిడ. నేను చేసిందల్లా పది నిమిషాల పనిని నాలుగు రోజులు ఆపడమే.”

చప్పట్లతో గది దద్దరిల్లింది. ఇంత నిరాడంబరుడైన అధ్యక్షుడు మళ్ళీ దొరకడంటూ మరో రెండేళ్ళు ఆయన్నే ఉంచారు.

తాతగారు ఆ వినయాన్ని రిజిస్టరులో ఎక్కించి, కింద ఆయన చేతే సంతకం పెట్టించారు.