ఇంటి పెద్ద గడిలో టిక్కు

పిల్లల్ని బడి దగ్గర దింపి, పసుపు బస్సును షెడ్డులో పెట్టి, పది గంటలకల్లా లైబ్రరీకి పోయి పన్ను కాగితాలు పంపేయాలి. బడి బస్సు నడిపే ఎర్నెస్టీన్ ఆ పొద్దున పెట్టుకున్న పని అంతే.

అమెరికాలోని టొలీడోలో జనవరి ఆఖరి వారం వస్తే చాలు, ఇళ్ళల్లో పరుగుపందెం మొదలు. పోషణలో ఎవరైనా ఉంటే పన్ను తగ్గుతుంది, కానీ ఒక పిల్లను ఒక్కరే తమ పోషణలో ఉన్నట్టు రాసుకోవాలి. ముందు పంపినవాళ్ళదే పిల్ల. అందుకే నవంబరు పండగనాడు, టర్కీ కోడిని కోస్తూనే ఎర్నెస్టీన్ ఖరారు చేసింది: కూతురు లవాన్, ఆరేళ్ళ మనవరాలు ఇమానీ ఈ ఏడాది తన లెక్కలోనే. అందరూ నోటి నిండా కోడితో తలలూపారు.

మొగుడు పోయి పద్నాలుగేళ్ళు. అప్పట్నుంచీ ఆ ఫారంలో 'ఇంటి పెద్ద' గడిలో టిక్కు ఆమెదే. బస్సులో పిల్లలు ఆమె మాట వినరు, ఇంట్లో పిల్లలు అసలే వినరు. ఈ దేశంలో ఆమెను పెద్ద అని ఒప్పుకునే కాగితం అదొక్కటే. దానికోసం ఆమె ఎవరితోనైనా తగువు పెట్టుకుంటుంది.

లైబ్రరీలో ఊరికే కాగితాలు నింపిపెట్టే హోబర్ట్ రిటైరైన పోస్ట్‌మాన్. కంప్యూటర్లో పంపాడు. గంటలో తిరిగొచ్చింది.

"మిస్ ఎర్నెస్టీన్, మీ మనవరాల్ని ఎవరో అప్పుడే రాసేసుకున్నారండీ."

ఆమె అక్కడే ఫోను తీసింది. "ఏమే లవాన్, దాన్ని నువ్వు రాసుకున్నావా?"

"ఫోన్లో రెండుసార్లు నొక్కితే అయిపోయిందమ్మా. నన్నూ నేనే రాసుకున్నా. దాని తల్లిని నేనే కదా?"

"కన్నావులే! పెంచేదెవరే?"

చదువుకునేవాళ్ళంతా తలలెత్తి చూశారు. లైబ్రరీ ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మీ పోషణలో ఎవరూ లేకపోతే మీరు ఇంటి పెద్ద కారు," అన్నాడు హోబర్ట్ మెల్లగా.

"ఎందుకు లేరు? టెర్రెల్‌ని రాయండి. నా కొడుకు. ముప్ఫై మూడేళ్ళు, మా సెల్లార్లో పడుకుంటాడు. చలికాలం వాళ్ళింటా వీళ్ళింటా మంచు ఎత్తితే వచ్చే చిల్లరే వాడి సంపాదన."

హోబర్ట్ మళ్ళీ పంపాడు. మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి అతను కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"ఇబ్బంది అతనితో కాదండీ. మీతోనే. మిమ్మల్ని ఎవరో పోషిస్తున్నారట."

పిల్లిని పులి దత్తత తీసుకుందంటే నమ్మొచ్చు, ఎర్నెస్టీన్‌ని ఎవరైనా పోషిస్తారా! ఆమెకు వెంటనే అర్థమైంది. కొడుక్కి ఫోను కొట్టింది.

"ఒరేయ్ టెర్రెల్! నువ్వు నన్ను పోషిస్తున్నావట్రా?"

"అమ్మా, ఫోన్లో ఆ పన్ను ఫారం అడిగింది, నీ మీద ఎవరైనా ఆధారపడ్డారా అని. నిరుడు లేరనే కొట్టా. అంతకుముందూ అంతే. ఈసారి లేరని కొట్టడానికి చెయ్యి రాలేదు."

తిట్టడానికి తెరిచిన నోరు ఆమె మూసేసుకుంది. ఎదిగిన పిల్లల్ని అద్దెలు తరిమితరిమి అమ్మ సెల్లార్లో పడేసే ఊళ్ళో, ఎవరు ఎవర్ని మోస్తున్నారో చెప్పే గడి సర్కారు ఫారంలో ఎక్కడుంది?

"మన గుమ్మంలో మంచు ఎత్తేది నువ్వేరా. కాదనను," అంది. "కానీ ఈ పూటే దాన్ని దిద్దుకో. ఇంటి పెద్దను నేను."

"సరేనమ్మా."

కంప్యూటర్ ఇక తీసుకోదు, టపాలో పంపాల్సిందే అన్నాడు హోబర్ట్, కాగితం ఆమె ముందుకు తోస్తూ. "ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకండి. ఈ ఏడాది అతనున్నాడు కాబట్టే మీరు ఇంటి పెద్ద."

ఆమె పెన్ను ఒత్తిపెట్టి టిక్కు కొట్టింది. కాగితం చిరిగినంత పనైంది.

ఫోను మోగింది. టెర్రెల్.

"అమ్మా, వంతెన దగ్గర బండిలో పెట్రోలు అయిపోయింది. జేబులో డాలరు కూడా లేదు. కాస్త వస్తావా?"

కొడుకు పోషణలో ఉన్న ఆవిడ, పెట్రోలు డబ్బా పట్టుకుని బయల్దేరింది.