ముప్పై ఆరు గంటల గడువు

గురువారం పొద్దున ఆరింటి బస్సుకు నల్లమాడ నుంచి అనంతపురం పోవాలని ఉదయ్ కుమార్, మల్లీశ్వరి అనుకున్నారు. అండం విడుదల కావడానికి మంగళవారం రాత్రి తొమ్మిదింటికి మల్లీశ్వరికి ఇంజక్షన్ వేశారు. సరిగ్గా ముప్పై ఆరు గంటలకు, అంటే ఈ రోజు తొమ్మిదికల్లా ఆసుపత్రిలో ఉండాలి. అక్కడ ఉదయ్ వీర్యాన్ని శుభ్రం చేసి ఆమె గర్భసంచిలోకి ఎక్కిస్తారు. పెళ్లై ఆరేళ్లు. ఇది మూడో ప్రయత్నం. ఇంట్లో ఎవరికీ తెలియదు.

గడప దాటుతుంటే ఉదయ్ తల్లి తిమ్మమ్మ ఎదురొచ్చింది.

"పొద్దున్నే ఇద్దరూ యాడికి పోతాండారప్పా?"

"పన్ను నొప్పిమ్మా," అన్నాడు ఉదయ్, నోటికొచ్చిన అబద్ధం చెప్పేస్తూ.

"దానికి బస్సెందుకు? మన రామాంజులు కారుండాది కదా!"

పక్కింటి రామాంజులు స్నానం చేసి, పూజ ముగించి, కారు తుడిచేసరికి ఏడు దాటింది. తిమ్మమ్మ కూడా ఎక్కి కూర్చుంది. దారి పొడవునా మల్లీశ్వరి ఫోన్లో టైము చూస్తూ మొగుడి తొడ గిల్లుతూనే ఉంది. కొత్తచెరువులో కారు ఆగింది.

"ఈడ నాకు తెలిసిన పళ్ల డాక్టరుండాడు. అనంతపురం దాకా ఎందుకప్పా?" అన్నాడు రామాంజులు.

డాక్టరు ఒక్కసారి నోట్లోకి చూసి, "దవడపన్ను పూర్తిగా పుచ్చిపోయింది," అన్నాడు. ఉదయే ఆశ్చర్యపోయాడు. అతను తేరుకునేలోపే "తీసెయ్ సామీ," అంది తిమ్మమ్మ. మత్తు సూది దిగిపోయింది.

ఎనిమిదీ యాభై. తలుపు దగ్గర మల్లీశ్వరి ఫోను పైకెత్తి చూపించింది. ఉదయ్ కుర్చీలోంచి దూకి, ఆసుపత్రికి పోవాలని చెప్పబోయాడు. సగం నోరు మొద్దుబారి "ఆఫుఫఫి ఓఆల" అని వచ్చింది.

"అయ్యో! నా కొడుక్కి మూతి వంకరపోయె! పక్షవాతం!" అని తిమ్మమ్మ కేకేసింది. "రామాంజులూ, గోరంట్లకు తిప్పు! ఆడ పసరు పోసేటోడుండాడు!"

"గోరంట్లకు కాదత్తా!" మల్లీశ్వరి గొంతు చించుకుంది. "పన్నూ లేదు, పక్షవాతమూ లేదు! బిడ్డ కోసం అనంతపురం పోతాండాం! ఇప్పుడు పోకుంటే ఈ నెలంతా పోతాది!"

వరండాలో ఉన్న రోగులు నోళ్లు మూయడం మరిచిపోయారు.

తిమ్మమ్మ రామాంజులు భుజం మీద చరిచింది. "ఇంకా చూస్తాండావేమిరా? తోలు!"

కారులో కోడలి చెయ్యి పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదే?"

"రెండుసార్లు పోయినాది అత్తా. మూడోది కూడా పోతే నీ మొగం ఎట్ల చూసేది?"

తిమ్మమ్మ అనంతపురం దాకా ఆ చెయ్యి వదల్లేదు.

చేరేసరికి పదీ నలభై. మల్లీశ్వరి ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది.

"ఏడుపెందుకమ్మా? మధ్యాహ్నం దాకా ఇబ్బంది లేదు," అంది డాక్టరమ్మ. "తొమ్మిది అంటేనే మీరంతా పదకొండుకు వస్తారు."

అంతా సవ్యంగానే ముగిసింది. రెండు వారాలు ఆగి పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది. తిమ్మమ్మ మాత్రం తిరుగు ప్రయాణంలోనే శ్రీమంతానికి వంటవాళ్లను మాట్లాడేసింది.