తార్నాక ఘంటాసంగ్రామము

శ్రోతలారా, చెవులు రిక్కించి వినుడు. పల్లీలు నములువారు ఒక్క క్షణము దవడలకు విశ్రాంతినిండు. వెయ్యిన్ని తొమ్మిదివందల అరువదియెనిమిదవ యేట, కోతి పేరు పెట్టుకొన్న ప్లవంగ నామ సంవత్సరమున, ఫాల్గుణ మాసపు టెండ విశ్వవిద్యాలయ శిలాసౌధము నెత్తికెక్కి, అటనుండి దిగివచ్చి తార్నాక చౌరస్తాలో రిక్షావాండ్ర మాడు పగులగొట్టుచుండ, క్రైస్తవులకు తపస్సుకాలమైన యొకానొక శుక్రవారమున, సిస్టర్ల బడియని జనులు పిలుచు బాలికల ఉన్నత పాఠశాలా ప్రాంగణమున, రక్తపాతము లేనిదియు, రక్తపాతముకంటె కష్టమైనదియునగు మహాసంగ్రామము జరిగెను. కోతి పేరుగల సంవత్సరమున మౌనమెట్లు నిలుచునని మీరడుగవచ్చును. నిలిచినది. కథయే అది.

నాయిక పేరు ప్రమీల. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అటెండరగు లక్ష్మీనర్సయ్య కూతురు, పదవ తరగతి విద్యార్థిని, జడద్వయవిరాజిత, నీలిపావడాధారిణి, అనర్గళవాగ్ధోరణీధురంధర. మన మాటలో చెప్పవలెనన్న వసపిట్ట.

ఆ బడిలో నొక ఆచారముండెను. ఏటేట తపస్సుకాలమున ఒక ధ్యానదినము. ఉదయము ఎనిమిది మొదలు మధ్యాహ్నము పన్నెండువరకు బాలికలుగాని సిస్టర్లుగాని నోరు విప్పరాదు. ఒక్క మాటయు జారని బాలికకు ప్రార్థనాలయపు పన్నెండుగంటల గంట మ్రోగించు భాగ్యము దక్కును. అట్టివారు పలువురైనచో చీట్లు వేయుదురు. హిందూ బాలికలకు ఈ ధ్యానము నిర్బంధము కాదు. నీతిపాఠమునకు పోయి హాయిగా కునుకవచ్చును. ప్రమీల మాత్రము ఏటేట తానై వచ్చి మోకరిల్లుచుండెను. ఎందుకన, క్యాంపసు క్వార్టర్సులో ఉయ్యాలలో నున్ననాటినుండి ఆమె ఆ గంట వినుచున్నది. ఇంట కొలుచునది పోచమ్మనే యైనను, ఆ తాడు తానొక్కమారు లాగినచో పైనున్నవారెవరో తిరిగి తనవైపు చూతురని ఆమె గట్టి నమ్మకము. ఆ తాడు ఆమెకు కావలెను. అంతే.

కాని ఐదవ తరగతి మొదలు ఐదేండ్లు ఐదు పరాజయములు. నిరుడు పదకొండున్నరవరకు నిలిచి, క్లాసు లీడరగు రాహేలు తుమ్మగానే అలవాటు కొలది "చిరంజీవ" యని దీవించి కూలెను. తాడు రాహేలు చేతికి పోయెను. ఇది బడిలో ఆఖరి యేడు. ఇప్పుడు దక్కనిచో ఇక దక్కదు.

కావున ఎనిమిది కొట్టకమునుపే ఆ వీరబాల తన నాలుకతో మనసున నిట్లనెను: "ఓసి జిహ్వా, దంతదుర్గనివాసినీ, ఇరువదియెనిమిదిమంది భటులు కావలియున్నను గోడ దూకు గడసరీ, నా ఐదేండ్ల ఆశను ఐదు పర్యాయములు మింగితివి. నేడు పన్నెండువరకు పండుకొనుము. కదలితివా, కరచెదను."

కదలలేదు. తొమ్మిదింటికి ప్రక్కన మోకరిల్లిన సాలమ్మ భుజముపై బల్లి పడినను కదలలేదు. పదింటికి నల్లబల్లపై ఒత్తు మరచి వ్రాసిన 'ద్యానము'ను కన్నులార గాంచియు, గొంతువరకు వచ్చిన ఒత్తును మింగి, ఆ ధీర నిలిచెను.

అంతట పదకొండు ముప్పావునకు, విధి టిఫిను డబ్బాను చేబూని వచ్చెను. ఆ విధి పేరు బుచ్చవ్వ. ప్రమీలకు నాయనమ్మ. మనుమరాలు మరచిపోయిన డబ్బాను చెంగున చుట్టుకొని, నెత్తి కాలుచుండ క్వార్టర్సునుండి నడచివచ్చెను. ద్వారపాలకుడగు భీమయ్య ఇరానీ హోటలుకు చాయ్ తాగబోయి యుండుటచే అడ్డగించువాడు లేక, తిన్నగా ప్రార్థనాలయపు వరండాలో వరుసగా నడచుచున్న బాలికల ముందు నిలిచెను.

"ఓ పిల్లా, డబ్బ మర్శిపోయినవ్ గద. ఇగో పట్టు."

ప్రమీల పట్టెను. పలుకలేదు.

"మాట్లాడవేందే? సిస్టరమ్మ కొట్టిందా?"

ప్రమీల పెదవులపై వ్రేలుంచెను.

"పెదవి గాలిందా?"

ప్రమీల చేతులు జోడించి కన్నులు మూసికొనెను.

"అయ్యో, కండ్లు తిరుగుతున్నయా బిడ్డా?" బుచ్చవ్వ రాహేలువైపు తిరిగెను. "నువ్వన్న చెప్పమ్మా, మా పిల్లకేమైంది?"

రాహేలు తలవంచుకొనెను. ఆమె వెనుక ముప్పదియెనిమిది తలలు వంగెను. చివరకు బడిపెద్దయగు సిస్టరు అమృతమ్మ వచ్చి, కరుణాపూర్ణముగా చిరునవ్వు నవ్వి, తానును పెదవులపై వ్రేలుంచెను.

బుచ్చవ్వ రొమ్ము బాదుకొనెను. "ఓ నా తల్లీ. బడికి బడే మాట పడిపోయింది. సిస్టరమ్మను గుడ ఇడ్శిపెట్టలే."

ఆమె పుట్టినూరిలో ఇల్లంటుకొన్నను, పాము దూరినను, జనము పోగగుటకు చావడి గంట కొట్టెడివారు. ఇచ్చటను గంట యున్నది, తాడు వ్రేలాడుచున్నది. ఇక ఆలస్యమెందుకు? చెంగు నడుమున బిగించి, ఆ అవ్వ ఐదేండ్లుగా ప్రమీల కలలోనికి వచ్చుచున్న ఆ తాడును రెండు చేతుల బట్టి, దిక్కులదరునట్లు, పావురములెగురునట్లు, కళాశాల గుమాస్తాలు అన్నపు డబ్బాలు తెరచునట్లు, ఢంఢమ్మని వాయించెను.

గంట మ్రోగినది కదా యని బాలికాసేన నోళ్లు ఒక్కసారిగా తెరచుకొనెను. నాలుగు గంటలు అణచిన ముచ్చట్లన్నియు బయటపడెను. రాహేలు సైతము "హమ్మయ్య, అయిపోయింది" అనెను. సిస్టరు అమృతమ్మ గోడగడియారము చూచి, గుంటూరు యాసలో, "అదేంటమ్మా, ఇంకా ఎనిమిది నిమిషాలుంది కదా, ఎవరు కొట్టారు?" అని, అనిన తరువాత నోటిపై చేయి వేసికొనెను. పాపము, ఆమెయు జారెను.

ఒక్క ప్రమీల జారలేదు. ఆమె కన్ను మొదటినుండియు గడియారముపైననే యున్నది. సమస్తసేనయు కూలిన ఆ రంగమున ఆమె ఒంటరిగా పెదవులు బిగించి నిలిచెను.

బుచ్చవ్వకిది మరింత గండమయ్యెను. "అందరికి మాటొచ్చింది, నా పిల్లకే రాలే" అని మనుమరాలి చెంపలు నిమిరి, టిఫిను డబ్బాతోనే మూడుమార్లు దిష్టి తీసి, కన్నీరు కార్చుచు తోటలోని మరియమాత విగ్రహమువైపు తిరిగెను. "తల్లీ మరియమ్మా, నాకు నీ పేరే తెల్సు, మొక్కుడు తెల్వది. పిల్లకు మాటియ్యి. టెంకాయ కొడ్త."

ప్రమీల గుండె కరిగి నీరయ్యెను. తాడు పోయిన పోనిమ్ము, అవ్వ ఏడ్వరాదు. పెదవులు విచ్చుకొనెను. నాలుక లేచెను. అప్పుడు రాహేలు, తానెట్లును జారినదే కావున, ఇద్దరి నడుమకు దూకెను.

"అవ్వా, రోగం కాదు. మౌనవ్రతం. పన్నెండు దాంక మాట్లాడొద్దు. మాట్లాడకుంటే గంట ప్రమీలే కొడ్తది."

"గా ముక్క ఒక్కరన్న చెప్పొద్దా?"

"చెప్తే వ్రతం పోతది గద, అవ్వా."

బుచ్చవ్వ ఆలోచించెను. నలుబదియేండ్లుగా శనివారము ఒక్కపొద్దులున్న మనిషి. వ్రతమనిన ఏమో ఆమెకు ఒకరు చెప్పవలెనా? కన్నీరు తుడిచికొని, మనుమరాలి ప్రక్కన కావలి నిలిచెను. "గట్ల చెప్పు మరి. గట్టిగ మూస్కో బిడ్డా. మధ్యల ఇడిస్తే ఫలమే పోతది."

ఇక ఒక్క నిమిషము. అదిగో, అప్పుడే రాహేలు తుమ్మెను.

ప్రమీల నోరు, అలవాటు బానిసయగు ఆ నోరు, "చి" యనుటకు విచ్చుకొనుచుండగనే బుచ్చవ్వ అరచేయి, మామిడికాయ తొక్కు వాసనతో గూడిన ఆ వజ్రకవాటము, దానిని ధడాలున మూసెను. మూసి, మనుమరాలి బదులుగా తానే, "చిరంజీవ బిడ్డా" అనెను.

పన్నెండు. సిస్టరు అమృతమ్మ తాడు తెచ్చి ప్రమీల చేతికిచ్చెను. ప్రమీల లాగెను. గంట మ్రోగెను. అందరును మోకరిల్లిరి, బుచ్చవ్వయు చెప్పులు విడిచి దండము పెట్టెను. పైనున్నవారు తిరిగి చూచిరో లేదో నాకు తెలియదుగాని, తాడు విడిచిన ప్రమీల ఆకాశమువైపు చూచి నవ్వెను. ఆ పిమ్మట నాలుగు గంటల మౌనము విడిచి మొదటి మాట పలికెను.

"చిరంజీవ, రాహేలూ."

తెలిసికొనుడు జనులారా, తార్నాకలో ఆ శుక్రవారము ఎనిమిదినుండి పన్నెండువరకు ఒక పిల్ల ఒక్క మాటయు మాటలాడలేదు. ఇది పరమసత్యము. సాక్ష్యము కావలెనన్న ఆమెనే అడుగుడు. ఆ మౌనమును గూర్చి ఆమె నాటినుండి నేటివరకు నోరు మూయక చెప్పుచునే యున్నది.