తలుపుకు వీపు పెట్టిన కుర్చీ

మనిషి తీసుకునే నిర్ణయాలన్నిటిలోకీ గంభీరమైనది, చొక్కా కింద దాచుకుని రోజూ మోయడానికి మొదటి పిస్తోలును ఎంచుకోవడం. పెళ్ళి దీని ముందు దిగదుడుపే. అమెరికాలో ఆర్కెన్సా రాష్ట్రంలోని టలీ ఫెర్రీ ఊళ్ళో ఎవరైనా పిల్లను చూసుకుంటే మహా అయితే తల్లీ, మేనత్తా సలహా ఇస్తారు. పిస్తోలు చూసుకుంటున్నాడని తెలిస్తే పెట్రోలు బంకులో కాఫీ పోసుకుంటున్న ముక్కూమొహం తెలియనివాడు కూడా చొక్కా ఎత్తి చూపించి మరీ సలహా ఇస్తాడు. (దాచి మోయడమంటే ఎవరికీ తెలియకుండా మోయడం. ఎవరు ఎక్కడ ఏం దాచారో ఊరందరికీ తెలుసు. ఈ రెండింటికీ పొసగకపోవడమేమీ లేదని కౌంటీ దాపరికపు ధారణ విభాగం ఏనాడో తేల్చేసింది.)

ఇంతటి నిర్ణయం తీసుకోకుండానే జీవితంలో సగానికి పైగా నెట్టుకొచ్చినవాడు డెల్మర్ స్ట్రౌడ్. చిరిగిన సోఫాలకూ, కాళ్ళు ఊగే కుర్చీలకూ మరమ్మతు చేసి బతుకుతాడు. పిరికివాడేం కాదు. చిన్నప్పుడు నాన్న వెంట జింకల వేటకు వెళ్ళినవాడే. తుపాకీని నడుముకు కట్టుకుని పాలప్యాకెట్టు కొనడానికి వెళ్ళాల్సిన అవసరం మాత్రం అతనికి ఎప్పుడూ తోచలేదు.

అతనికి లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనది శనివారం పొద్దుటి పలహారం. వాండా కేఫ్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర, నలుగురు పాత స్నేహితులతో. మెర్ల్ హాస్కెట్ ఇన్సూరెన్సు కంపెనీలో చేసి రిటైరయ్యాడు. ప్రతిదానిలో ప్రమాదం చూడటం అప్పటి అలవాటు. రాయిస్ టాకెట్‌ది టైర్ల షాపు. పికెన్స్ అన్నదమ్ములు వర్జిల్, ఆర్లో కోళ్ళ ఫారం నడుపుతారు. నలుగురూ ఆయుధధారులే. ఆయుధధారి తలుపుకు వీపు పెట్టి కూర్చోడు. ఇది ఎక్కడా రాసిలేని నియమం కాబట్టి సవరించే మార్గం లేదు.

బల్లకేమో రెండు వైపులే ఉంటాయి. నలుగురూ భుజం భుజం రాసుకుంటూ తలుపుకు ఎదురుగా ఒకే వైపు ఇరుక్కునేవారు. అవతల వైపు డెల్మర్ ఒక్కడే, కాళ్ళు చాపుకుని హాయిగా. చూసేవాళ్ళకు నలుగురు జడ్జీలు ఒక ముద్దాయిని విచారిస్తున్నట్టు ఉండేది. కానీ ముద్దాయికి ఆ చోటు ప్రాణం. నాలుగు మొహాలూ ఒకేసారి కనిపించేవి. రాయిస్‌కు పన్ను నొప్పిగా ఉందనీ, ఆర్లోకు రాత్రి పెళ్ళాంతో గొడవైందనీ నోరు తెరవకముందే తెలిసిపోయేది. మెర్ల్ జోకు చెప్పబోయే ముందు అతని ఎడమ కనుబొమ దానంతటదే లేచేది. ఆ కనుబొమ కోసమే డెల్మర్ వారమంతా ఎదురుచూసేవాడు.

ఒక శనివారం కనుబొమ లేవలేదు.

"ఒరేయ్ డెల్మర్, మనసులో ఏం పెట్టుకోకు గానీ, నువ్వు అడ్డంరా," అన్నాడు మెర్ల్.

"దేనికి అడ్డం?"

"తలుపుకి. రేపెవడో దుర్మార్గుడు జొరబడ్డాడనుకో. వాడికీ మాకూ మధ్యలో ఏముంది? నువ్వున్నావు. నువ్వూ, నీ పాన్‌కేకులూ."

"పక్కకి వంగుతాలేరా."

"వంగుతాడట!" అన్నాడు రాయిస్. "సిరప్ సీసా అందుకోబోతేనే నడుం పట్టేస్తుంది వీడికి."

(ఆ తలుపులోంచి ఇంతవరకూ వచ్చిన అతి పెద్ద ప్రమాదం ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు. ఆయన కూడా గ్రేవీ పోసిన బిస్కెట్ రొట్టెలు తిని, వాండా వంటను మెచ్చుకుని వెళ్ళిపోయాడు.)

అక్కడికక్కడే బల్ల భద్రతా సంఘం ఏర్పడింది. మెర్ల్‌ను మెర్ల్ ప్రతిపాదించగా మెర్ల్ అధ్యక్షుడయ్యాడు. సంఘం మొదటి తీర్మానం ప్రకారం డెల్మర్ పిస్తోలైనా ధరించాలి, లేదా మరుగుదొడ్డి పక్క బల్లకైనా మారాలి. ఆ బల్ల దగ్గర హోమర్ లిండ్సే ఒక్కడే కూర్చుని తన పేగు ఆపరేషన్ కథ వినేవాడి కోసం ఎదురుచూస్తుంటాడు. హోమర్ దగ్గర కూడా పిస్తోలుంది, కథ మధ్యలో లేవడానికి ఎవరూ సాహసించరు. డెల్మర్ పాన్‌కేకుల ప్లేటు పక్కకు నెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే డెల్మర్, లవాన్ క్రైడర్ నడిపే తుపాకుల షాపు మెట్లెక్కాడు. లవాన్ అతన్ని చూడగానే, తొలి కాన్పుకు వచ్చినవాళ్ళతో నర్సు మాట్లాడే గొంతు పెట్టాడు.

"మొదటిదా అన్నా?"

"అవును. రోజూ పెట్టుకోవడానికి. ఏది మంచిది?"

"ఏది రోజూ పెట్టుకుంటావో అదే మంచిది."

"మరి నేను రోజూ పెట్టుకునేది ఏదవుతుంది?"

"మంచిదైతే రోజూ పెట్టుకుంటావు," అన్నాడు లవాన్. పక్కన తూటాలు కొనుక్కుంటున్న ముసలాయన అవునవునన్నట్టు తలూపాడు.

విషయం లోతుగా పోయేకొద్దీ తేలిందేమిటంటే, చిన్న పిస్తోలు బాగా దాగుతుంది గానీ పేలిస్తే చెయ్యి విరగ్గొట్టినంత పని చేస్తుంది. పెద్దది చేతిలో బుద్ధిగా ఉంటుంది గానీ చొక్కా కింద వంటింటి కుళాయిలా పొడుచుకొస్తుంది. మధ్యస్థంగా ఉన్నది ఈ రెండు లోపాలనూ సమానంగా పంచుకుంటుంది. ఏది తీసుకున్నా నడుము రెండంగుళాలు పెద్దదైన ప్యాంటు కావాలి. దానికి రేకులాంటి గట్టి బెల్టు, ఆ బెల్టును కప్పే పొడుగు చొక్కా, ఆ చొక్కా అనుమానం కలిగించకుండా పైన చేపలు పట్టేవాళ్ళ కోటు కావాలి. లవాన్ షాపులో పిస్తోళ్ళకు ఒక గోడ, వాటికి తగిన బట్టలకు మూడు గోడలు కేటాయించారు.

ఎక్కడ పెట్టుకోవాలన్నది వేరే శాస్త్రం. చీలమండ దగ్గర కట్టుకోమని రాయిస్ అన్నాడు. (బయటికి తీయాలంటే ముందు కూర్చోవాలి. దుర్మార్గుడు ఆ మాత్రం మర్యాద పాటిస్తాడని అతని నమ్మకం.) వర్జిల్ చంక అన్నాడు, ఆర్లో బొడ్డు అన్నాడు. అన్నదమ్ములు ఈ విషయమై క్రిస్మస్ నుంచి మాట్లాడుకోవడం లేదు. మెర్ల్ మాత్రం, వెన్నుకు ఆనించి పెట్టుకోవడమే పెద్దమనిషి పద్ధతి అన్నాడు. ఇన్నేళ్ళుగా మెర్ల్ కుర్చీలో వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చోవడం హుందాతనమనుకున్న డెల్మర్ నోరు వెళ్ళబెట్టాడు.

చివరికి డెల్మర్, లవాన్ షాపు బల్ల మీద ఏది దగ్గరగా ఉంటే అది కొన్నాడు. ఇంటికొచ్చి కొత్త ప్యాంటూ, బెల్టూ, కోటూ తొడుక్కుని భార్య నాడీన్ ముందు అటూ ఇటూ నడిచాడు.

"ఏమయ్యా, డాక్టరు పొట్ట తగ్గించమంటే ఇనుముతో పెంచుకొచ్చావా?"

"కనిపిస్తోందా?"

"పిస్తోలు కనిపించట్లేదు. ఏదో దాస్తున్నావని మాత్రం వీధి చివరికి కనిపిస్తోంది."

"శనివారాలు పోగొట్టుకోలేను నాడీన్," అన్నాడు డెల్మర్ దీనంగా. ఆమె సూదీ దారం తెచ్చింది. ప్యాంటు అంచు కిందికి దించి కుట్టింది.

ఇక మిగిలింది దాపరికపు ధారణ విభాగం వారి పరీక్ష. అధికారిణి యూడోరా ప్లాంక్ ముందు నడవాలి, వంగి నేల మీది నాణెం తీయాలి, తుమ్మాలి. పిస్తోలు ఎక్కడుందో ఆమె చెప్పేస్తే తప్పినట్టు. మొదటిసారి డెల్మర్ తలుపు తీస్తుండగానే, "కుడి తుంటి. వెళ్ళి రండి," అన్నదామె తల ఎత్తకుండా. రెండోసారి ఆవిడ పీచ్ పండ్ల తీపి రొట్టె తింటూ ఉండటం కలిసొచ్చింది. గోడ మీది బోర్డు వేలితో చూపించి సర్టిఫికెట్ ఇచ్చింది. బోర్డు మీద ఇలా ఉంది: "ఆయుధము కనిపించకుండుటయే అది సక్రమముగా ధరింపబడినదనుటకు రుజువు."

ఆ శనివారం స్నేహితులు చప్పట్లు కొట్టి ఆహ్వానించారు. ఆయుధధారి కాబట్టి డెల్మర్‌ను తమ వైపు కూర్చోబెట్టుకున్నారు. నలుగురికే చాలని చోట అయిదుగురు. అవతల వైపు ఖాళీ కుర్చీ. ఎదురుగా తలుపు.

"ఏంటి నాయనా, బస్సు కోసమా?" అంది వాండా కాఫీ పోస్తూ.

ఎవరూ నవ్వలేదు. నవ్వారో ఏమో, డెల్మర్‌కు తెలియలేదు. అతనికి కనిపిస్తున్నది రాయిస్ చెవి ఒక్కటే. మెర్ల్ జోకు చెప్పాడు. తలుపుకు చెప్పాడు. కనుబొమ లేచిందో లేదో చూద్దామని డెల్మర్ ముందుకు వంగితే పిస్తోలు పొట్టలో గుచ్చుకుంది. ఉప్పు సీసా చేతులు మారి వచ్చేసరికి గుడ్లు చల్లారిపోయాయి. అరగంట గడిచాక ఆర్లో, "వానొచ్చేలా ఉంది," అన్నాడు. కాసేపటికి ఎవరో, "ఊఁ," అన్నారు. ఎవరన్నారో విచారించే వీలు లేకపోయింది. ఇంటికెళ్ళేటప్పుడు డెల్మర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పక్కన కూర్చున్న మనుషుల మీద ఇంత బెంగ పెట్టుకోవచ్చని అతనికి అంతవరకూ తెలియదు.

తరువాతి శనివారం పిస్తోలును ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పాత ప్యాంటు వేసుకుని వచ్చి, తిన్నగా వెళ్ళి తన పాత కుర్చీలో, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నాలుగు మొహాలూ కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది.

"ఒరేయ్! ఆయుధం పెట్టుకుని తలుపుకు వీపా?" అని అదిరిపడ్డాడు మెర్ల్.

"నా దగ్గర లేదురా. ఇంట్లో పెట్టొచ్చాను."

మెర్ల్ కళ్ళు చిట్లించి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. వర్జిల్ బల్ల చుట్టూ తిరిగి చూశాడు.

"ఎక్కడా ఆనవాలే లేదు. ఎట్లా దాచావురా?"

"దాచలేదురా బాబూ, లేదు!" డెల్మర్ చొక్కా ఎత్తాడు. ప్యాంటు అంచులు పైకి లాగాడు. చంకలు చూపించాడు. మరుగుదొడ్డి పక్క బల్ల దగ్గర హోమర్ లిండ్సే తన పేగు కథ ఆపి మరీ చూశాడు.

"మా అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, చూడు, ఎక్కడికెళ్ళిపోయాడో!" అన్నాడు రాయిస్ గొంతు వణుకుతుండగా. "పైగా అడిగితే లేదంటున్నాడు."

"లేదనే అనాలి. అదే పద్ధతి," అన్నాడు మెర్ల్. నలుగురూ కలిసి డెల్మర్‌ను లేవదీసి తమ వరుసలో సరిగ్గా మధ్యన కూర్చోబెట్టారు. అది గౌరవ స్థానం. అక్కణ్ణుంచి రెండు చెవులు కనిపిస్తాయి.

అయితే కబుర్లు కరువయ్యాయన్న సంగతి సంఘం కూడా గమనించకపోలేదు. సుదీర్ఘంగా చర్చించి కేఫ్ గోడకు ఒక ప్రకటన అంటించారు: "కిటికీ పక్క బల్లకు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పుటకు ఆయుధము లేని మనిషి కావలెను. పలహారము ఉచితము." డెల్మర్ ఆ రోజే దరఖాస్తు పెట్టుకున్నాడు. వచ్చినది అదొక్కటే. అభ్యర్థి ఆయుధం లేనివాడిలా కనిపించడంలో మరీ ఆరితేరినవాడన్న కారణంతో సంఘం దాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించింది.

కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ప్రతి శనివారం అయిదుగురు మగాళ్ళు వరుసగా కూర్చుని దానికి కాపలా కాస్తున్నారు.