తుపాకీ గొట్టంలో గుడ్డముక్క

ఆదివారం పొద్దున ప్రూఫ్ రీడరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కొత్త రైఫిల్ శుభ్రం చేయాలి, పదింటికి షూటింగ్ క్లబ్బులో ఉండాలి. యాభై నిండబోతుండగా ఆయన మనసు గురి పోటీల మీదికి పోయింది. భార్య ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది. తూటాలు క్లబ్బులోనే ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఒక్కసారి ఇబ్బంది కలిగినా తుపాకీ కూడా అక్కడికే పోవాలి.

కొత్త తుపాకీకి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో దట్టంగా గ్రీజు పూసి పంపుతారు. దాన్ని తుడిచేసి, పల్చగా నూనె రాశాకే మొదటిసారి కాల్చాలి. ఎలాగో పెట్టెలోని చిన్న పుస్తకంలో ఉంది. ప్రూఫ్ రీడరుగారు దాన్ని రెండుసార్లు చదివారు. ఏడు అచ్చుతప్పులు దొరికితే ఎర్ర పెన్నుతో దిద్దారు. ఏం చేయమన్నారో మాత్రం బుర్రకెక్కలేదు.

"ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. నాకు అక్షరం కనబడుతుంది, అర్థం కనబడదు" అని తనమీద తనే విసుక్కుని పనిలోకి దిగారు.

తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత, పెట్టెలో ఇచ్చిన బొటనవేలి గోరంత గుడ్డ ఏం చాలుతుందనుకుని, అరచేయంత ముక్క శుభ్రం చేసే కడ్డీకి చుట్టి గొట్టం ముందువైపు నుంచి తోశారు. సగం దూరం వెళ్ళి ఆగింది. లాగితే కడ్డీ వచ్చింది, గుడ్డ రాలేదు. జారుతుందేమోనని పావు సీసా నూనె వంచారు. ఆ నూనె గుడ్డ దాకా వెళ్ళి, వెనక్కి పొంగి, ఆయన పైజామా మీదుగా కుర్చీలోకి దిగింది.

గాభరాగా క్లబ్బు కోచ్‌కి ఫోన్ చేశారు. "సార్, గొట్టంలో గుడ్డ ఇరుక్కుపోయిందండీ! నూనె పోశాను. కడ్డీ పెట్టి పొడిచాను కూడా. ఇంకా లోపలికే పోతోంది!" కోచ్ జవాబు చెప్పేలోగా ఫోన్ నూనెచేతిలోంచి జారి సోఫా కిందికి పోయింది.

పక్కగదిలో ఉన్న అత్తగారికి చెవులు కాస్త మందం. ఆవిడకి 'గొట్టం' గొంతుగా వినిపించింది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. తన గొంతు బాగానే ఉంది, అల్లుడి గొంతు వినబడుతూనే ఉంది. ఇక మిగిలింది కూతురు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పైవాటాకి పరిగెత్తింది. అక్కడ ఒక రిటైరైన గొంతు డాక్టరు ఉంటారు.

"డాక్టరుగారూ! మా అల్లుడు మా అమ్మాయి గొంతులో గుడ్డ కుక్కాడండీ! నూనె పోసి కడ్డీతో పొడుస్తున్నాడట! తనే ఫోన్‌లో చెబుతున్నాడు!"

డాక్టరుగారు బనీను మీదే టార్చి పట్టుకుని దిగారు. వెనకగదిలో కూతురు కుట్టుమిషను ముందు, ఆరు గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. నోరు తెరిస్తే సూదులు గొంతులోకే పోతాయి కనక "ఊఁ! ఊఁ!" అంది.

"మాట్లాడకమ్మా, ముక్కుతో ఊపిరి తీసుకో" అంటూ డాక్టరుగారు దవడ పట్టుకున్నారు.

ఆవిడ సూదులు చేతిలోకి ఉమ్మింది. "ముందు నా దవడ వదలండి!"

సరిగ్గా అప్పుడే ఒళ్ళంతా నూనెతో, ఒక చేతిలో కడ్డీతో, ఇంకో చేతిలో తుపాకీతో ప్రూఫ్ రీడరుగారు గుమ్మంలో నిలబడ్డారు. డాక్టరుగారు కుట్టుమిషను వెనక్కి వెళ్ళిపోయారు. "అదిగో, గొంతులో పొడిచిన కడ్డీ!" అంది వెనకే వచ్చిన అత్తగారు.

"గొంతు కాదు అత్తయ్యగారూ, గొట్టం! తుపాకీ గొట్టం!"

భార్య పుస్తకం తెప్పించుకుని రెండు నిమిషాలు చదివింది. "గొట్టాన్ని మూసే బోల్టు తీసేసి వెనకనించి తొయ్యమని రాశారండీ. మీరు 'తొయ్యవలెను'కి వత్తు కూడా దిద్దారు."

ఆవిడ అలాగే తోసింది. గుడ్డ నల్లగా బయటపడింది. తర్వాత చిన్న చిన్న ముక్కలతో, ఒకటి తెల్లగా వచ్చేదాకా తుడిచింది. మిషనుకి వేసినట్టే ఒక్క చుక్క నూనె వేసి, పొడిగుడ్డతో మరోసారి లాగింది.

ప్రూఫ్ రీడరుగారు తల దించుకున్నారు. "షరతు ప్రకారం ఇవాళే క్లబ్బులో ఇచ్చేస్తాను."

ఆవిడకి జాలేసింది. "ఐదు తూటాలు కాల్చి రండి. ఒక్కటైనా బోర్డుకి తగిలితే ఇంట్లోనే ఉంచుకుందాం. డాక్టరుగారూ, మీరు సాక్షిగా వెళ్ళండి."

క్లబ్బులో కోచ్ ఆయన్ని గురి పెట్టడానికి నాలుగో నంబరు బోర్డుకి ఎదురుగా బోర్లా పడుకోబెట్టారు. సరదాగా డాక్టరుగారికీ ఒక క్లబ్బు తుపాకీ ఇచ్చి ఐదో నంబరు చూపించారు. ఇద్దరూ ఐదేసి కాల్చారు. బోర్డులు తెప్పించారు. నాలుగో బోర్డు కొత్త కాగితంలా ఉంది. ఐదో బోర్డు నడిమధ్యలో, రూపాయి బిళ్ళతో కప్పేయగలిగినంత దగ్గరగా, ఐదు చిల్లులు.

"నేను భయంతో కళ్ళు మూసుకునే కాల్చానండీ!" అన్నారు డాక్టరుగారు.

"కొందరికి చేతిలోనే ఉంటుందండీ" అన్నారు కోచ్ గౌరవంగా.

ప్రూఫ్ రీడరుగారికి మెల్లగా అర్థమైంది. కంగారులో తను గురి పెట్టింది ఐదో బోర్డుకి. చెబుదామని నోరు తెరిచారు. పైజామా మీది నూనె మరక చూసుకుని, ఎవరు నమ్ముతారులే అని మూసేశారు.

రైఫిల్ ఇప్పుడు క్లబ్బు బీరువాలో ఉంటోంది. గురి ఎలా పెట్టాలో ప్రతి ఆదివారం డాక్టరుగారు ఆయనకి ఓపిగ్గా నేర్పుతున్నారు.