కళకు నీళ్ల పరీక్ష

కళకు సరైన కొలత లేకపోవడం వల్లే దేశం ఇలా ఏడ్చిందనీ, ఆ లోటు పదిహేను రోజుల్లో తీర్చేస్తామనీ నూజివీడు కళోద్ధరణ సంఘం ఛైర్మన్ వెంకటకృష్ణారావుగారు ప్రకటించారు. అది ఎనభై ఏడు, మే నెల. మామిడి తోటల్లో కాయ దిగుతున్న రోజుల్లో అంత పెద్దమనిషి కళ గురించి ఆలోచించడమే గొప్ప.

మార్కుల పట్టిక తయారుచేసే పని ఛైర్మనుగారి హైస్కూలు డ్రాయింగ్ మాస్టారు క్రీస్తుదాసుకు పడింది. ఆయన తొమ్మిదేళ్లుగా టెంపరరీ.

"పోటీలో మా ఆవిడ పుష్పవతి కూడా ఓ నెమలి బొమ్మ పెడుతోందండి," అన్నారు ఛైర్మనుగారు. "పట్టిక నిష్పక్షపాతంగా ఉండాలి. ఫస్టు మాత్రం పుష్పవతికి రావాలి. వస్తే బహుమతులిచ్చే మంత్రిగారితో మీ పర్మనెంటు ఫైలు మీద అక్కడికక్కడే సంతకం పెట్టిస్తా."

మాస్టారు రేఖ, రంగు, భావం అని మూడు గళ్లు గీసుకొచ్చారు. జడ్జిగా ఒప్పుకున్న మామిడి వ్యాపారి బసవపున్నారావుగారు అది చూసి పెదవి విరిచారు.

"భావం ఏంటండీ? నొక్కి చూస్తే తెలుస్తుందా?"

"తెలీదండి."

"అయితే కొట్టెయ్యండి."

భావం పోయి బరువు వచ్చింది. ఛైర్మనుగారు ఆ సాయంత్రమే నెమలికి ఇనప ఫ్రేము కట్టించారు. తర్వాత రేఖా, రంగూ కూడా పోయి మచ్చకు రెండు మార్కుల కోత చేరింది. ఆఖరుకి నీళ్ల పరీక్ష. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది, కళయినా అంతే కదా అన్నారు బసవపున్నారావుగారు. నీటిరంగుల సంగతేంటని అడగబోయి, తొమ్మిదేళ్లూ గుర్తొచ్చి మాస్టారు నోరు మూసుకున్నారు.

పోటీ రోజు మామిడికాయల యార్డులో సిమెంటు తొట్టి నింపారు. ఇరవై రెండు బొమ్మలు తేలాయి. లేతవని వాటిని పక్కన పడేశారు. నెమలి ఒక్కటే బుడుంగున మునిగింది. మాస్టారి ప్రాణం కుదుటపడింది. పైకి తీసి చూస్తే ఫ్రేములో తెల్లకాగితం మిగిలింది. నెమలి తొట్టిలోనే ఉండిపోయింది.

పుష్పవతిగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బసవపున్నారావుగారు మాత్రం కళ్లజోడు తగిలించుకుని కాగితమంతా అంగుళం అంగుళం వెతికారు.

"ఒక్క మచ్చ లేదు. నూటికి నూరు వేసుకోండి మాస్టారూ."

మాస్టారు నిజాయితీగానే వేశారు. బొమ్మలో బొమ్మ ఉండాలని పట్టికలో ఎక్కడా లేదు.

మంత్రిగారు తెల్లకాగితానికి దండ వేసి, రెండడుగులు వెనక్కి వేసి, చాలాసేపు చూశారు. "ఇందులో మా ప్రభుత్వం చేసిన పనులన్నీ కనిపిస్తున్నాయి," అన్నారు గద్గదంగా.

ఛైర్మనుగారు మాట తప్పే మనిషి కాదు. వెంటనే ఫైలు అందించారు. మంత్రిగారు ఫైలు చదివి, పట్టిక చదివి, మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఎవరైనా మార్కులు వేసెయ్యగల ఇంత చక్కని పట్టిక ఉండగా ఇంకా డ్రాయింగ్ మాస్టార్లు దేనికండీ? ఆ పోస్టులన్నీ రద్దు చేస్తున్నాను. ఈ పట్టికను పర్మనెంటు చేస్తున్నాను."

యార్డంతా చప్పట్లు. క్రీస్తుదాసు మాస్టారూ కొట్టారు. అందరికన్నా ఆఖరున ఆపింది ఆయనే.