గుంపుగా చూసిన కర్నాక్

మానవజాతికి ఇంతవరకూ దక్కిన వరాలన్నిటిలోకీ గొప్పది గ్రూప్ టూర్ అని నేను ఘంటాపథంగా చెబుతాను. కాదనేవాళ్లు ఒక్కసారి మా మహల్లా ఊరి టీచర్ల సంఘంతో కలిసి లక్సర్‌లో ఓడెక్కి, నైలు మీద అస్వాన్ దాకా వెళ్లి రండి. ఆ తర్వాత కూడా వాదించే ఓపిక మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం!

ఒంటరిగా ఊళ్లు తిరిగేవాడి కష్టాలు ఎప్పుడైనా ఆలోచించారా? ఏం చూడాలో వాడే తేల్చుకోవాలి. ఎంతసేపు చూడాలో వాడే చూసుకోవాలి. చూసింది బాగుందో లేదో కూడా పాపం వాడే నిర్ణయించుకోవాలి! సెలవుల్లో ఇంత చాకిరీ ఎవడు చేస్తాడండీ? గ్రూప్ టూర్లో ఆ బెడద లేదు. గైడు గొడుగెత్తితే నడుస్తాం, దించితే ఆగుతాం. ఆయన "అద్భుతం" అన్నచోట నోరు తెరుస్తాం, "పదండి" అన్నచోట మూసేస్తాం.

ఇక ప్రోగ్రాం కాగితం చూశారంటే చేతులెత్తి దణ్ణం పెడతారు. కర్నాక్ గుడికి నలభై అయిదు నిమిషాలు, పాలరాతి బొమ్మల కొట్టుకి రెండు గంటలు. అన్యాయం అంటున్నారా? ఆ గుడి మూడు వేల ఏళ్లకి పైగా అక్కడే ఉంది, రేపూ ఉంటుంది. పాలరాతి పిల్లి మీద తగ్గింపు మాత్రం ఈరోజుతో సరి అని కొట్టువాడు అల్లా మీద ఒట్టేశాడు. ఏది తొందరో మీరే చెప్పండి!

ఓడ సుఖం సంగతి అడక్కండి. లక్సర్ రేవులో ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి అంటించి కడతారు కదా, మాది ఆరోది. ఒడ్డు చేరాలంటే అయిదు ఓడల హాళ్ల గుండా నడవాలి. ఆరింటిలోనూ అవే మెట్లు, అదే తివాచీ, అదే ఇత్తడి దీపం. మా సైన్సు మాస్టారొకాయన పొరపాటున పక్క ఓడలో భోంచేసి, వాళ్లతో ఫోటో కూడా దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కూరల్లో తేడా తెలియలేదట. నా గది కిటికీ తెర తీస్తే నైలు బదులు పక్క ఓడ కిటికీ, అందులో పళ్లు తోముకుంటున్న ఒక జర్మన్ పెద్దమనిషి. నది ఎక్కడికి పోతుంది, ఎప్పుడైనా చూడొచ్చు. అంత దగ్గర నుంచి జర్మన్‌ని ఎప్పుడు చూస్తాం?

ఇన్ని సౌఖ్యాల మధ్య మొహం ముడుచుకు కూర్చున్న మనిషి మా నలభై రెండు మందిలో ఒక్కరే. మా బాలికల పాఠశాలలో చరిత్ర చెప్పే టీచరమ్మ, అబ్లా ఇన్‌షిరాహ్. టీచరమ్మల్ని మేం అబ్లా అనే పిలుస్తాం. వచ్చే జూన్‌లో రిటైర్ అవుతుంది.

ఆవిడ కథ వింటే మీకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ముప్పై నాలుగేళ్లుగా ఏటా రెండో టర్మ్‌లో ఆవిడ చెప్పే పాఠం ఒకటుంది. మూడో థుట్మోస్ రాజు సిరియా వైపు షాము దేశాలు గెలిచి, అక్కడి మొక్కల్నీ పిట్టల్నీ కర్నాక్ గుడి వెనక చివరికంటా ఉన్న ఒక గది గోడల మీద చెక్కించాడు. తోట గది అంటారు. పుస్తకంలో దాని బొమ్మ బొటనవేలి గోరంత, సిరా మరకలా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే ఒక పిల్ల లేచి అడిగింది, "మీరు చూశారా అబ్లా?" అని. కొత్త టీచరు, క్లాసంతా తనవైపే చూస్తోంది. "ఆఁ, చూశాను" అని నోరు జారింది.

అంతటితో ఆగిందా? మరుసటేడు చెల్లెళ్లొచ్చారు, అక్కలు చెప్పింది వినొచ్చారు. "ఏమేం ఉన్నాయబ్లా?" అంటే ఏదో ఒకటి చెప్పాలి కదా! "ఎడమ మూల ఒక బాతు ఉంటుంది, మెడ వెనక్కి తిప్పి చూస్తూ" అనేసింది. ఇక ప్రతి ఏడూ ఆ బాతు చెప్పక తప్పలేదు. ఎంతమంది పిల్లలు దాన్ని పరీక్షల్లో రాశారో, ఎంతమందికి ఆవిడే మార్కులేసిందో! అమ్మ జబ్బు, పిల్లల చదువులు, ఏదో ఒకటి అడ్డం పడి లక్సర్ మొహం చూడలేదు. రిటైరయ్యేలోపు ఒక్కసారి వెళ్లి, ఆ మూల బాతు ఉందో లేదో తన కళ్లతో చూసుకోవాలని ఆవిడ పట్టుదల. ఉంటే గండం గడిచినట్టు. లేకపోతే పిల్లల ముందు తప్పొప్పుకుని పదవి దిగాలి.

అలాంటి కోరికతో గ్రూప్ టూర్‌కి వస్తారా ఎవరైనా?

మొదటిరోజు కర్నాక్‌లో మా నలభై అయిదు నిమిషాలు ఎంత చక్కగా ఖర్చయ్యాయో వినండి. టిక్కెట్ల దగ్గర పది. బాత్రూం క్యూలో పది. కోనేటి పక్కన రాతి పేడపురుగు చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరికలు తీరతాయంటారు కదా, దానికి పదిహేను. మా డ్రిల్లు మాస్టారు ఉస్తాద్ బహ్‌గత్ తన బట్టతల కోసం పద్నాలుగు చుట్లు తిరిగాడు. మిగిలిన పదీ తలలు లెక్కపెట్టడానికి. ఆ బాధ్యత నాది. నేను లెక్కల మాస్టార్ని, పేరు లుత్ఫీ. సంఘం వాళ్లు నన్ను నమ్మి అప్పగించిన పని!

అబ్లా వెళ్లి గైడు చెయ్యి పట్టుకుంది. ఆయన పేరు వగ్దీ. లక్సర్ గైడ్లందరినీ డాక్టర్ అనే పిలవాలి.

"డాక్టర్ వగ్దీ, వెనక తోట గది ఉందట కదా. ఒక్క అయిదు నిమిషాలు తీసుకెళ్లు నాయనా."

"మీ మాట నా కళ్ల మీద పెట్టుకుంటా అబ్లా! కానీ అది ప్రోగ్రాంలో లేదే. అయినా అక్కడేముందని? నాలుగు గడ్డిపరకలు, రెండు పిట్టలు. మొక్కలే కావాలంటే అస్వాన్‌లో నిజం తోట చూపిస్తా, ముట్టుకోవచ్చు కూడా!"

"ఆ పిట్టల్లో బాతు ఉందా?"

"ఏ బాతు?"

ఇంతలో బహ్‌గత్ ఈల వేశాడు. గొడుగు లేచింది. మేమంతా పాలరాతి కొట్టుకి బయల్దేరాం. ఆ రెండు గంటలూ అబ్లా ఒక స్టూలు మీద కూర్చుని, కొట్టువాడిచ్చిన మందార షర్బత్ తాగకుండా చేతిలో పట్టుకునే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఓడ కదలాలి. అబ్లా పొద్దున్నే లేచి, శాలువా కప్పుకుని, అయిదు ఓడల హాళ్లూ దాటి, ఒడ్డు మీద గుర్రబ్బండెక్కి కర్నాక్‌కి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పంపరని భయం. మహల్లా మనుషుల మధ్య పుట్టి పెరిగి, తనని కాసేపు ఒంటరిగా ఉండనిస్తారని ఎలా అనుకుందో నాకిప్పటికీ అర్థం కాదు!

గేటు తీసిన వెంటనే లోపలికి వెళ్లింది ఆవిడొక్కతే. ఆ పెద్ద స్తంభాల మధ్య గొడుగు లేదు, ఈల లేదు. పిచ్చుకల అరుపులు వినిపించాయట. పుస్తకంలో లెక్కలేనన్నిసార్లు చదివి చెప్పిన స్తంభాన్ని చేత్తో తడిమి చూసి, నేను నీ దగ్గరికి ఎంత ఆలస్యంగా వచ్చాను అనుకుని ఏడ్చిందట. ఈ మాటలు తర్వాత ఆవిడే నాతో చెప్పింది. చూశారా, ఒంటరిగా వెళితే ఇలాంటి అనర్థాలు! గుంపులో ఉంటే ఏడుపు వస్తుందా?

ముసలి కాపలాదారు ఒకతను దారి చెప్పాడు. "చివరికంటా వెళ్లమ్మా, చెక్కమెట్లు వస్తాయి. మోకాళ్లు జాగ్రత్త." మధ్యలో రెండుచోట్ల కూర్చుంది, ఒకచోట దారి తప్పింది. మొత్తానికి మెట్లు దొరికాయి.

అదే సమయానికి ఓడలో మేం ఫూల్, అంటే ఉడికించిన చిక్కుడు గింజలు నంజుకుంటూ టిఫిన్ చేస్తున్నాం. నేను లేచి తలలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. మళ్లీ పెట్టాను. నలభై ఒకటే!

"బహ్‌గత్! ఒకరు తగ్గారు!"

"ఎవరు? ఎవరు తగ్గారు?"

"అబ్లా ఇన్‌షిరాహ్! యా లహ్వీ! నిన్న మొహం వాడిపోయి ఉంది, నేనప్పుడే అన్నా!"

"ఎవరైనా ఏమైనా అన్నారా ఆవిణ్ణి? నువ్వే అనుంటావు, నీ నోరు మంచిది కాదు!"

"నైల్లో గానీ పడిపోలేదు కదా?"

ఇక చూడండి మా వాళ్ల ప్రేమ! ఒక్కరంటే ఒక్కరు ముద్ద ముట్టలేదు. మూడో ఓడ కౌంటరు కుర్రవాడు ఒడ్డువైపు వెళ్లిందన్నాడు, ఒడ్డు మీద గుర్రబ్బళ్లవాళ్లు కర్నాక్ అన్నారు. ఒకరిద్దరు వెళ్తే చాలదా అని మీరడుగుతారు. అబ్లా తప్పిపోతే ఓడలో కూర్చుని గింజలు నమిలే మనిషి మహల్లాలో పుట్టలేదండీ! నలభై ఒక్కమందిమీ వెళ్లాం, గైడుని కూడా వెంటబెట్టుకుని. రెండోసారి టిక్కెట్లు కొని, ఆ స్తంభాల మధ్య "అబ్లా! అబ్లా!" అని అరుచుకుంటూ పరుగెత్తాం. ఆవిడ చెక్కమెట్ల మీద మూడో మెట్టెక్కి, సంచిలోంచి కళ్లజోడు తీస్తోంది. బహ్‌గత్ ఈల వేశాడు.

"అల్‌హమ్దులిల్లా! దొరికింది! అబ్లా, మా గుండెలాగిపోయాయి!"

"మీకేమన్నా అయితే ఊళ్లో ఏం మొహం పెట్టుకు తిరుగుతాం? మిమ్మల్నిలా ఒంటరిగా వదిలేస్తామా?"

ఆడవాళ్లు వాటేసుకుని ముద్దులు పెట్టారు. ఎవరో రొట్టెలో ఫూల్ చుట్టి తెచ్చి నోట్లో పెట్టారు. ఆ ప్రేమ చూసి ఆవిడకీ కళ్లనీళ్లొచ్చాయి, కోప్పడదామన్నా నోరు రాలేదు.

"నాకేం కాలేదర్రా. ఒక్క అయిదు నిమిషాలు ఆ గదిలోకి వెళ్లొస్తాను, మీరిక్కడే ఉండండి."

"అయ్యో, మీరొక్కరే ఎందుకు అబ్లా? మేమంతా వస్తాం!"

వచ్చాం! మోకాళ్లు నొప్పులని ఆవిణ్ణి చెరో చెయ్యీ పట్టుకుని ఇద్దరు నెమ్మదిగా ఎక్కించారు. ఈలోపు మిగతా వాళ్లందరం ముందే ఎక్కేశాం. చిన్న గది. ఆవిడ వచ్చేసరికి గోడలన్నీ మాతో నిండిపోయాయి. డాక్టర్ వగ్దీ ఎదురుగా రాయెక్కి ఫోన్ పట్టుకున్నాడు.

"అబ్లా మధ్యలో! పొట్టివాళ్లు ముందుకి! ఎవరూ కదలొద్దు!"

ఆవిడ మెడ తిప్పి వెనక్కి చూసింది. శాలువాలు, టోపీలు, ఒక వాటర్ బాటిల్.

"అబ్లా, అటు కాదు, ఇటు! కెమెరా వైపు!"

"ఒక్క నిమిషం నాయనా. ఆ మూల బాతు..."

"బాతా? మధ్యాహ్నం ఓడలో బాతు కూరే అబ్లా, కంగారు పడకండి! నవ్వండి!"

ఒక్క ఫోన్‌తో అయిపోతుందా? ఎవరి ఫోన్లో వాళ్లకి కావాలి. ఇరవై మూడు ఫోన్లు. అయ్యేసరికి బహ్‌గత్ గడియారం చూసి కేకేశాడు, ఓడ పోతోందని. "ముందు అబ్లాని దించండి, మెట్లు జాగ్రత్త!" అందరికంటే ముందు, అందరికంటే భద్రంగా ఆవిణ్ణే దించారు. గది ఖాళీ అయ్యేసరికి ఆవిడ మినీబస్సులో కిటికీ పక్క సీట్లో ఉంది. వగ్దీ మాట తప్పే మనిషి కాదు, అస్వాన్‌లో నిజం తోట చూపించాడు. ఆవిడ ఒక బెంచీ మీద కూర్చుంది.

రెండో టర్మ్ మొదలైంది. ఆవిడకంటే ముందే ఫోటో బడికి చేరింది. హెడ్‌మిస్ట్రెస్ దాన్ని పెద్దది చేయించి చరిత్ర క్లాసులో గోడకి తగిలించింది. పాఠం రోజు అబ్లా తలుపు మూసి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయిలూ, మీతో ఒక నిజం చెప్పాలి. ఆ గది నేను చూడలేదు. అప్పుడూ చూడలేదు, మొన్న వెళ్లినా చూడలేదు. బాతు ఉందో లేదో నాకు తెలియదు. ముప్పై నాలుగేళ్లుగా అబద్ధం చెప్పాను."

క్లాసంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది.

"అబ్లా మనల్ని పరీక్షిస్తోందే!"

"ఫోటోలో మధ్యలో ఉన్నది మీరు కాకపోతే మా అమ్మమ్మా అబ్లా?"

చూశారా గ్రూప్ టూర్ మహిమ! చూడకముందు చూశానంటే నమ్మారు, వెళ్లొచ్చి చూడలేదంటే నమ్మరు. ఇంత గట్టి సాక్ష్యం ఒంటరిగా వెళ్లేవాడికి ఎవడిస్తాడు?

లుజైన్ అనే పిల్ల ఒక్కతే నవ్వలేదు. లేచి ఫోటో దగ్గరికెళ్లి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"మరి మీ వెనకాల గోడ మీద ఏముంది అబ్లా?"

"నలభై ఒక్కమంది ఉన్నారు తల్లీ."

ఆరోజు సాయంత్రం ఆవిడ టీచర్ల గదిలో నా బల్ల దగ్గరికి వచ్చింది. కోపమేమీ లేదు. చిన్న గొంతుతో అడిగింది.

"ఉస్తాద్ లుత్ఫీ, ఫోటోలో ఎడమ మూలకి ఆనుకుని నిలబడింది మీరే కదా? మీ వెనక ఏముందో ఒక్కసారైనా తిరిగి చూశారా?"

"లేదబ్లా. నేను తలలు లెక్కపెడుతున్నాను."

"సరిపోయాయా?"

సరిపోయాయని చెప్పాను. సరిగ్గా నలభై రెండు. ఇన్నేళ్ల సర్వీసులో లెక్క సరిపోయినందుకు నేను తలదించుకున్నది ఆ ఒక్కరోజే.